ఫోను పెట్టెకో పీట

కొత్త కోడలు కాలుపెట్టిన వారంలో గేదె పాలు తగ్గిస్తే ఆ నేరం ఎవరి ఖాతాలో పడుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. గడ్డి మారిందా, దూడ తాగేసిందా, ఎండలు ముదిరాయా అని అడిగే నాథుడుండడు. "ఆ పిల్ల వచ్చిన వేళ!" అని ఒక్క మాట అనేస్తారు. విచారణా అయిపోయింది, తీర్పూ అయిపోయింది. మనలో చాలామందిమి ఆ బోనులో ఒకసారి నిలబడి వచ్చినవాళ్ళమే. అందుకేనేమో, ఇంట్లోకి కొత్తగా వచ్చిన మనిషి మీదే కాదు, వస్తువు మీద నింద పడ్డా దాని తరఫున వకాల్తా పుచ్చుకోవాలనిపిస్తుంది నాకు.

ఈ మధ్య మా గడివేముల ఇంట్లో అలా బోనెక్కింది ఒక చిన్న నల్ల పెట్టె. పోపుల డబ్బా మూతంత ఉంటుంది. ఒక వైపు మామూలు టెలిఫోను తీగ పెట్టుకునే రంధ్రం, ఇంకో వైపు ఇంటర్నెట్టు తీగలకు రెండు రంధ్రాలు. ఇంటర్నెట్ ఫోను అడాప్టరు అంటారు దాన్ని. పాతకాలపు ఫోనుకూ నెట్టుకూ మధ్య దుబాసీ అనుకోండి. మనం రిసీవర్లో మాట్లాడే మాటను ఇది సెకనుకు 50 ముక్కలుగా తరిగి, ఒక్కో ముక్కనూ పొట్లం కట్టి, పైన చిరునామా రాసి నెట్టులోకి వదులుతుంది. అవతలి పెట్టె ఆ పొట్లాలు విప్పి, వరసగా పేర్చి, మళ్ళీ మాట చేస్తుంది. బెండకాయను తరిగి, సముద్రాలు దాటించి, అవతల మళ్ళీ బెండకాయను చేయడమంటే మాటలా చెప్పండి!

ఈ పెట్టె డాలస్ నుంచి మా ఆడబిడ్డ సూట్‌కేసులో వచ్చింది. వాళ్ళింట్లో ఇలాంటివి రెండు చాలా ఏళ్ళుగా ఉన్నాయట. ఒకటి అక్కడ ఉంచుకుని, రెండోది అమ్మ కోసం తెచ్చింది. అక్కడి పెట్టె నుంచి ఇక్కడి పెట్టెకు నేరుగా మాట్లాడుకోవచ్చు.

"ఇంత కాలంలో ఇదేమి పాత ముచ్చట? సెల్లుఫోన్లో మొహాలు చూసుకుంటూ మాట్లాడుకోవచ్చు కదా!" అంటారేమో. మేమూ అన్నాం. మా అత్తగారికి 78 ఏళ్ళు. అద్దం ఫోను మీద ఆవిడ వేలు ఒకచోట పెడితే అది ఇంకోచోట పలుకుతుంది. వీడియోలో కూతురి మొహం చూద్దామంటే సగం రోజులు ఆ ఇంటి పైకప్పు, ఫాను కనిపిస్తాయి. అవన్నీ అలా ఉంచండి. అసలు సంగతి ఆవిడే ఒకరోజు చెప్పింది.

"మొగం చూస్తా మాట్లాడితే ఏడుపొస్తాది తల్లీ. చెవిలో ఐతే మాట ఒక్కటే వస్తాది. మనసు నిమ్మళంగా ఉంటాది."

ట్రంకు కాలు బుక్ చేసి పోస్టాఫీసు అరుగు మీద గంటలు గంటలు కూర్చున్న తరం ఆవిడది. మన దేశంలో ఆపరేటరు లేకుండా ఊరికీ ఊరికీ నేరుగా మాట్లాడుకునే ఎస్.టి.డి. 1960లో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. సామాన్యులకు ఇంటర్నెట్టు 1995 ఆగస్టు 15న అందింది. నెట్టు మీదుగా విదేశాలకు ఫోను మాట్లాడుకోవడానికి 2002 ఏప్రిల్‌లో ప్రభుత్వం అనుమతించింది. స్కైపు 2003లో వచ్చి, పిల్లల్ని పరదేశం పంపిన తల్లిదండ్రులెందరికో కళ్ళనీళ్ళు తుడిచి, 2025 మేలో తెర దించేసుకుంది. వీటన్నిటి మధ్యా మారనిది ఒక్కటే. చెవికి ఆనించుకుంటే బరువుగా, చల్లగా తగిలే రిసీవరంటే మా అత్తగారికి ఉన్న నమ్మకం.

అలా వచ్చిన పెట్టెను నెట్టు కనెక్షను చూసే కుర్రాడు దాంతో ఉన్న కాగితంలో బొమ్మ చూసి, ఆ బొమ్మలో ఉన్నట్టే తగిలించి వెళ్ళాడు. రోజూ సాయంత్రం ఏడింటికి, అక్కడ తెల్లవారి ఆడబిడ్డ ఆఫీసుకు బయలుదేరే ముందు, ఫోను ట్రింగుమని మోగేది. మా అత్తగారు ఆరున్నరకే ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని కూర్చునేవారు. చెవిలో మాటకు బొట్టెందుకని మాత్రం అడక్కండి.

సరిగ్గా ఆ వారం నుంచే ఇంట్లో నెట్టు నత్తనడక పట్టింది.

ఎంత అన్యాయమో చూడండి. మా మండలంలోని గని దగ్గర వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్తు కేంద్రం 2017 నుంచి ఎండను పట్టి దేశానికి కరెంటు పంపుతోంది. ఆ పక్కనే ఉన్న మా ఇంట్లో ఒక్క పేజీ తెరుచుకోదు! హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచి పనిచేసే మా అబ్బాయి మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ నోరు తెరిచినట్టే బొమ్మయిపోయేవాడు. మా అమ్మాయి ఆన్‌లైను పాఠంలో మాస్టారు సగం వాక్యం చెప్పి మౌనవ్రతం పట్టేవారు. నేను పంపే సీరియల్ భాగం బొమ్మలతో సహా తొంభై శాతం వెళ్ళి, అక్కడ ఆలోచనలో పడేది. లెక్కల మాస్టారైన మా వారు మాత్రం, "నెలకు కడుతున్నది 100 మెగాబిట్లకు. వస్తున్నది తొమ్మిదికి లోపు," అని కాగితం మీద రాసి, కింద రెండు గీతలు గీశారు.

కంపెనీకి ఫోను చేస్తే అవతలి అమ్మాయి ఎంతో తియ్యగా, "ప్లాను పెంచుకోండి మేడమ్, 200కి మారండి," అంది. బిందెకు చిల్లు పడిందంటే ఇంకో బావి తవ్వించుకోమన్నట్టుంది ఆ సలహా!

ఇక ఇంట్లో అందరి చూపులూ పెట్టె మీదే. "అవ్వ ఫోను వచ్చిన్నుంచే ఇట్లయింది. తీసేస్తే సరిపోతుంది," అన్నాడు మా అబ్బాయి. వాడు దుర్మార్గుడేం కాదు. అవ్వంటే ప్రాణమే. కానీ మీటింగులో నోరు తెరుచుకుని బొమ్మయిపోయినవాడి బాధ వాడిది.

ఆ మాట అత్తగారి చెవిన పడింది. ఆవిడ ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం వెళ్ళి పెట్టెకున్న కరెంటు స్విచ్చి తనే ఆపేశారు. ఆపీ ఆపగానే ఇంట్లో నెట్టు మొత్తం పోయింది. పిల్లలిద్దరూ కేకలు. అబ్బాయి పరుగున వచ్చి స్విచ్చి వేశాడు. పాపం ఆవిడ బిత్తరపోయి, "మంచి చేద్దామని పోతే ఇంగా చెడిపాయెనే! నేను ముట్టుకోనులేబ్బా," అని దూరంగా జరిగారు. ఆ తర్వాత నాలుగు రోజులు ఏడింటికి ఫోను మోగింది. ఆవిడ తీయలేదు. దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చున్నారు. మోగి మోగి అదే ఆగిపోయేది. అవతల డాలస్‌లో కూతురు కంగారుపడి మా వారి సెల్లుకు చేస్తే, "బాగుండాననిచెప్పు. నా మాటలకు పిల్లోని ఉద్యోగం పోతాదంటే నాకెందుకు ఆ మాటలు?" అన్నారు.

నేను బి.ఏ.లో చదివింది చరిత్ర. తీగలూ, మెగాబిట్లూ నా చదువు కాదు. కానీ చరిత్ర చదివినవాళ్ళకు ఒక అలవాటు ఉంటుంది. ఒక రాజ్యం కూలిపోయిందంటే రాజు చెడ్డవాడనే కథతో సరిపెట్టుకోం. ఆధారాలు వరసగా పెట్టి చూస్తాం. ఇక్కడ నా చేతిలో రెండు ఆధారాలున్నాయి. రెండూ మా అత్తగారు తెలియకుండా ఇచ్చినవే.

మొదటిది: నాలుగు రోజులు ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. అయినా నెట్టు వేగం పెరగలేదు. అంటే నెట్టును తింటున్నది ఆవిడ మాటలు కావు.

రెండోది: ఫోను పెట్టె ఆపితే ఫోను ఆగిపోవాలి గాని, ఇల్లంతటికీ నెట్టు ఎందుకు ఆగిపోయింది? వంటింటి దీపం ఆర్పితే వీధంతా చీకటయిందంటే, వీధికి పోయే తీగ మన వంటింట్లోంచి పోతోందన్నమాట!

ఆదివారం మధ్యాహ్నం టీవీ స్టాండు జరిపి తీగల వెంట వేలు పెట్టుకుంటూ పోయాను. గోడకున్న ఫైబరు పెట్టె నుంచి బయలుదేరిన తీగ నేరుగా వైఫై రౌటరుకు పోవడం లేదు. ముందు ఫోను పెట్టెలోకి దూరి, దాని రెండో రంధ్రం లోంచి బయటకొచ్చి, అప్పుడు రౌటరుకు చేరుతోంది. అంటే అబ్బాయి మీటింగు, అమ్మాయి పాఠం, నా సీరియలు, టీవీలో సినిమా, అన్నీ ఆ పోపుల డబ్బా మూతంత పెట్టె కడుపులోంచే పోయి రావాలి. అసలే అది పాతది. దాని ఇంటర్నెట్టు రంధ్రం సెకనుకు 10 మెగాబిట్లకు మించి మింగలేదని అడుగున అంటించిన కాగితం మీదే ఉంది. వంద వస్తే మాత్రం ఎక్కడి నుంచి పంపుతుంది పాపం?

మా వారిని పిలిచి లాప్‌టాప్‌కు తీగ పెట్టించి కొలిపించాను. వైఫై మీద కొలిస్తే గోడలూ, దూరమూ కూడా లెక్కలోకి వచ్చి సాక్ష్యం చెడిపోతుంది. పెట్టె మధ్యలో ఉండగా, ఎవరూ మాట్లాడనప్పుడు: 9. అలాగే ఉంచి రిసీవరు ఎత్తి మాట్లాడినప్పుడు: 8కి పైన. పెట్టెను పక్కకు తీసి, ఫైబరు నుంచి తీగను నేరుగా రౌటరుకు ఇస్తే: 94! మా వారు ఈసారి కాగితం కింద మూడు గీతలు గీశారు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఒక ఫోను సంభాషణకు కావలసింది అటు 90, ఇటు 90 కిలోబిట్లు, అంతే. వంద మెగాబిట్ల కనెక్షనులో అది వెయ్యిలో ఒక వంతు కూడా కాదు. పెళ్ళి భోజనాల్లో చంటిపిల్ల తిన్న మెతుకులంత. ఆ మెతుకుల కోసం ఒక ముసలి ప్రాణం నాలుగు రోజులు నోరు కట్టేసుకుంది.

మరి ఆ కాగితంలో బొమ్మ గీసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళా? కాదండీ. ఇక్కడే నా చరిత్ర చదువు కాస్త పనికొచ్చింది. 2004లో మన కేంద్ర ప్రభుత్వం బ్రాడ్‌బాండు అంటే ఏమిటో చెబుతూ సెకనుకు 256 కిలోబిట్లు ఉంటే చాలంది. ఆ కాలపు ఇంటి నెట్టుకు 10 మెగాబిట్ల పెట్టె ఏట్లో తూము కాదు, ఏరే! ఇరుకు దారిలో పెద్ద ఫైలు ఒకటి అడ్డం పడితే మాట ముక్కలైపోతుంది. అందుకని పెట్టెనే గుమ్మంలో నిలబెట్టి, "ముందు మాటను పోనియ్యి, మిగతావాటిని కాసేపు ఆపు," అని కాపలా పెట్టారు. అప్పటికి అది సబబే. ఆ కొలత 2023లో 2 మెగాబిట్లయింది. మా ఇంటికి వస్తున్నది వంద. అంటే 2004 నాటి దానికి దాదాపు 400 రెట్లు. దారి అంత వెడల్పయినా కాపలా మనిషి మాత్రం పాత గుమ్మంలోనే ఉన్నాడు. తప్పు వాడిది కాదు. వాణ్ణి అక్కడి నుంచి ఎవరూ లేపలేదు.

మా నంద్యాల వైపు వాళ్ళకు ఇది కాలువ భాషలో చెబితే ఇట్టే అర్థమవుతుంది. కె.సి. కాలువను 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించడం మొదలుపెట్టినప్పుడు పొలాలకు నీళ్ళూ పారాలి, పడవలూ నడవాలి అనుకున్నారు. ఒకే కాలువ మీద రెండు రకాల ప్రయాణాలు. 1882లో ప్రభుత్వం దాన్ని కొనేసింది. పడవల కథ ముగిసిపోయి చాన్నాళ్ళయింది గాని, నీళ్ళు ఇప్పటికీ పంటలు పండిస్తున్నాయి. ఆ కాలువకు పక్కన చిన్న తూము పెట్టి ఒక చేనుకు నీళ్ళిస్తే ఎవరికీ నష్టం లేదు. అదే తూమును పెద్ద కాలువకు అడ్డంగా కట్టి, కింది ఊళ్ళన్నిటి నీళ్ళూ అందులోంచే పోవాలంటే? చివరి భూములు ఎండిపోతాయి. అప్పుడు "తూము చెడ్డది, పగలగొట్టండి" అనడం న్యాయమా? అది పక్కన ఉండాల్సిన తూము. అడ్డంగా కట్టడమే అసలు లోపం.

పెట్టెకు పీట మార్చేశాం. ఇప్పుడు ఫైబరు నుంచి తీగ ముందు రౌటరుకు వస్తుంది. రౌటరు నుంచి ఒక తీగ ఫోను పెట్టెకు. ఇంట్లో ఎవరి దారి వాళ్ళది. ఇంకొక చిన్న పని కూడా ఉంది. రౌటరు సెట్టింగుల్లో ఎవరికి ముందు దారి ఇవ్వాలో చెప్పుకునే చోటు ఉంటుంది. అందులో ఫోను పెట్టెను అన్నిటికన్నా పైన పెట్టించాను. ఎందుకంటారా? మన ఇళ్ళకు దిగే దారి వెడల్పయినా, పైకి పంపే దారి చాలా ప్లాన్లలో ఇరుకు. అబ్బాయి బరువైన ఫైలు పైకి పంపేటప్పుడు మాట పొట్లాలు వెనక చిక్కుకుంటాయి. మాట ఒక వైపు నుంచి రెండో వైపుకు 150 మిల్లీసెకన్ల లోపు చేరితే సంభాషణ సాఫీగా ఉంటుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ లెక్క. అది దాటిన కొద్దీ ఒకరి మాట మీద ఒకరు పడిపోతారు. ఫైలు అర నిమిషం ఆగినా ఫైలే. మాట అర సెకను ఆగితే, "వినపడుతోందా? హలో? హలో?" అనడంతోనే సాయంత్రం గడిచిపోతుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి పెట్టె ఏదైనా వచ్చాక నెట్టు మందగిస్తే, దాన్ని అటక ఎక్కించే ముందు నాలుగు పనులు చేసి చూడండి. ఒకటి, ఎవరూ మాట్లాడనప్పుడు ఒకసారి, మాట్లాడుతున్నప్పుడు ఒకసారి, తీగ పెట్టి వేగం కొలవండి. రెండింటికీ పెద్ద తేడా లేకపోతే నేరం మాటది కాదు. రెండు, పెట్టెను దారిలోంచి తప్పించి మళ్ళీ కొలవండి. మూడు, ఈ సందడిలో కొత్తగా వాడిన తీగను మార్చి చూడండి. ఒక్కోసారి పెట్టె నిర్దోషి, లోపల తీగ తెగిన కేబులే దొంగ. నాలుగు, పెట్టెను రౌటరు వెనక్కు మార్చాక అన్నిటికీ కరెంటు తీసేసి, ముందు గోడ దగ్గరి పెట్టె, రెండు నిమిషాలాగి రౌటరు, ఆ తర్వాత ఫోను పెట్టె, ఈ వరసలో వేయండి. కొన్ని మోడెములు మొదట తగిలించిన పెట్టెనే తాళి కట్టినట్టు గుర్తుపెట్టుకుంటాయి. కాసేపు ఆపితే గాని కొత్తదాన్ని ఒప్పుకోవు.

మన రాష్ట్రంలో 2017 డిసెంబరులో ఫైబర్ గ్రిడ్‌ను రాష్ట్రపతి ప్రారంభించినప్పుడు నెలకు 149 రూపాయలకే టీవీ, నెట్టు, ఫోను మూడూ ఒకే తీగ మీద ఇస్తామన్నారు. అలా ఫోను రంధ్రం కంపెనీ పెట్టెలోనే ఉన్న ఇళ్ళలో ఈ పేచీ రాదు. వేరే పెట్టె తెచ్చుకున్న మనలాంటివాళ్ళకే ఈ పీటల పంపకం.

పీటల పంపకమనే ఎందుకంటున్నానంటే, ఆ తీగల మధ్య కూర్చున్నప్పుడు నాకు ఇళ్ళే గుర్తొచ్చాయి. మన ఇళ్ళలో పెద్దవాళ్ళ సంగతీ ఇంతే కదూ! వాళ్ళ కాలంలో ఇల్లంతా వాళ్ళ చేతుల మీదుగా నడిచింది. తాళాలు, పద్దులు, పాలు, పెళ్ళిళ్ళు, అన్నీ. ఇప్పుడు ఇంటి వేగం పెరిగింది. అన్నీ వాళ్ళ మీదుగానే పోవాలంటే వాళ్ళకూ కష్టం, మనకూ కష్టం. అలాగని వాళ్ళ ప్లగ్గు పీకేయడం పరిష్కారం కాదు. బరువు దించి, పక్కన పీట వేసి కూర్చోబెట్టాలి. వాళ్ళు మాట్లాడేటప్పుడు మాత్రం ముందు దారి వాళ్ళదే అనాలి. వాళ్ళు అడిగేది వెయ్యిలో ఒక వంతు. దానికే "నా వల్లే ఇంట్లో అందరికీ ఇబ్బంది" అనుకుని వాళ్ళు దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చుంటే, ఎంత వేగం నెట్టు వచ్చినా ఆ ఇంట్లో ఏదో ఒక లైను తెగిపోయినట్టే లెక్క.

పీట మార్చిన సాయంత్రం మా అబ్బాయే వెళ్ళి, "అవ్వా, నీ ఫోనుది తప్పేం లేదంట. రా," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఏడింటికి ఫోను మోగింది. ఆవిడ గంటా పది నిమిషాలు మాట్లాడారు. నాలుగు రోజుల బాకీ కదా మరి! పక్క గదిలో వాడి మీటింగు ఒక్కసారి కూడా ఆగలేదు.

మీరూ ఈ ఆదివారం ఒకసారి టీవీ స్టాండు వెనక్కు తొంగి చూడండి. ఏ తీగ ఎవరి మీదుగా పోతోందో తెలుస్తుంది. ఏమీ తేలకపోయినా నష్టం లేదు, దసరాకు దులపాల్సిన దుమ్ము ముందే దులిపినట్టవుతుంది!